పావు చుట్టు

మా రాయగడలో ఇంజన్ మూడు భాషల్లో చెడిపోతుంది. తెలుగింటివాళ్లు "పట్టేసింది మేస్త్రీ" అంటారు. ఒడియావాళ్లు "జామ్ హొయిగలా" అంటారు. కొండ మీంచి దిగొచ్చిన రైతు ఏమీ అనడు, మిషన్ను ముందు పెట్టి నా మొహంలోకి చూస్తాడు. ముగ్గురూ చెప్పేది చాలాసార్లు ఒకటే. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోశారని.

నేను టూ స్ట్రోక్ మేస్త్రీని. షెడ్డుకి బోర్డు లేదు, ఆ మాట చెప్తే టీ కొట్టువాడే దారి చూపిస్తాడు. 1988లో, పద్నాలుగేళ్లప్పుడు, పార్వతీపురంలో ఒక మేస్త్రీగారి దగ్గర పానాలు అందించడానికి చేరాను. ఆయన షెడ్డు నిండా రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, చేతక్‌లు, లూనాలు ఉండేవి. ఆర్ఎక్స్ 100 వస్తే మాత్రం గురువుగారు మమ్మల్ని పక్కకి జరగమని తనే చెయ్యి పెట్టేవారు. నాలుగేళ్లకి ఊరొచ్చి సొంత షెడ్డు వేసుకున్నాను. 1992లోనే రాయగడ కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. అంతకుముందు ఇదంతా కోరాపుట్టే, 1936కి ముందు విశాఖపట్నం జిల్లాయే. ఒడిశాలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారేమిటని అడిగేవాళ్లకి మా తాత ఆ సంవత్సరమే చెప్పేవాడు. "మేం ఎక్కడికీ రాలేదు, గీత వచ్చింది" అనేవాడు.

1996లో ఆర్ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. అదే ఏడాది మైసూరులో యెజ్డీ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తరవాత పొగ నిబంధనలు వచ్చి ఫోర్ స్ట్రోక్ బళ్లు రోడ్డు నిండిపోయాయి. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నన్ను నిలబెట్టినవి పొలాలు. వీపుకి తగిలించుకునే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, యూకలిప్టస్ కొట్టే చైన్‌సాలు అన్నీ టూ స్ట్రోకులే. లీటరుకి నలభై మిల్లీలీటర్ల ఆయిల్ అని నూటికి నూరుసార్లు చెప్పాను. చెప్పడం ఆపితే నా పని పెరుగుతుందని మా ఆవిడ అంటుంది.

ఇలా ఉండగా పదేళ్ల కిందట ఒక పెద్దాయన తువ్వాలులో చుట్టిన చెప్పుల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు. సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మిగ్ విమానాల ఇంజన్ల కోసం 1960లలో పెట్టిన ఫ్యాక్టరీ అది. తరవాత సుఖోయ్ ఇంజన్లూ అక్కడే కట్టారు. మనిషి శ్రీకాకుళం వైపు వారు. మాట విన్న నిమిషంలో తెలిసిపోయింది.

"ఇదేటనుకుంతన్నావు మేస్త్రీ? సూడు" అన్నారు.

పెట్టెలో నా పిడికిట్లో పట్టేంత ఇంజన్. పైన అల్యూమినియం రెక్కలు, పక్కన తాడు లాగే స్టార్టరు. మనవడి రిమోట్ ట్రక్కుదట. 0.18 క్యూబిక్ ఇంచి, అంటే మూడు సీసీకి కాస్త తక్కువ. నా జీవితంలో అప్పటిదాకా చూసిన అతి చిన్న సిలిండరు స్ప్రేయరుది, అది దీనికి పదింతలు.

నేను చేసిన మొదటి పని తప్పు పని. తాడు లాగితే పిస్టన్ పైకొచ్చి ఆగిపోయింది. పట్టేసిందనుకుని కర్ర సుత్తి అందుకున్నాను. పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. "ఆగు నాయనా. అది పట్టేయడం కాదు, అదే దాని ఫిట్టు."

విప్పాక ఒప్పుకోక తప్పలేదు. పిస్టన్‌కి రింగులు లేవు! అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవు. స్లీవు పైకి పోయేకొద్దీ వెంట్రుకలో వంతంత సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చేసరికి బిగుసుకుంటుంది. వేడెక్కాక ఇత్తడి పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచించి, సరిగ్గా కావలసినంత సందు ఇస్తుంది. అంటే ఇది వేడి మీద కొలిచి కట్టిన ఇంజన్. చల్లగా ఉండగా బలవంతాన లాగితే కనెక్టింగ్ రాడ్ పాడవుతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు హీట్ గన్‌తో రెక్కల్ని వెచ్చబెడతాను. ఆపాక పిస్టన్‌ని పైన వదలను, ఫ్లైవీలు తిప్పి కిందికి దించి పెడతాను. పైన బిగుసుకుని చల్లారితే స్లీవు ఆ చోట సాగుతుంది, సాగిన ఫిట్టు మళ్లీ రాదు. పట్టు పోయిన పిస్టన్‌కి రీబోర్ లేదు, ఓవర్‌సైజ్ లేదు. ముప్పై ఏళ్లుగా నాకు అన్నం పెట్టిన రెండు మాటలూ దీని ముందు పనికిరాకుండా పోయాయి.

రెండో ఆశ్చర్యం ప్లగ్గు. దానికి వైరు లేదు, మాగ్నెటో లేదు, నిప్పురవ్వ లేదు. లోపల జుట్టంత సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే ఎర్రబడుతుంది. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా ఆరదు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు పుట్టే వేడి, కిందటి పేలుడు మిగిల్చిన వేడి కలిసి తీగని వెలిగించే ఉంచుతాయి. ఇది పెద్దాయన మనవడు చెప్పాడు. అప్పుడు వాడికి పదమూడేళ్లు. వాడు చెప్తుంటే నేను నేర్చుకుంటున్నానని వాడికి తెలియకుండా ఉండటానికి ప్లగ్గుని ఊరికే తిప్పి చూశాను.

అసలు జబ్బు చిన్నదే. డబ్బాలో ఇంధనం అయిపోతే కుర్రాడి నాన్న పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపి పోశాడు. బళ్ల గురించి తెలిసిన ఎవడైనా చేసే పనే అది. ప్లాటినం దగ్గర పెట్రోలుకి మిథనాల్ గుణం లేదు, ఇంజన్ ఎంత లాగినా పలకదు. పైగా సిలికాన్ పైపులు ఉబ్బిపోయాయి. పైపులు మార్చి, ట్యాంకు కడిగి, ప్లగ్గు కొత్తది వేస్తే తీరిపోయింది.

ఆ ఇంధనం గురించి నాలుగు మాటలు. అందులో ఎక్కువ భాగం మిథనాల్. నైట్రోమీథేన్ మేం వాడిన డబ్బాలో ఇరవై శాతం. మిగతాది ఆయిల్, అందులో కొంత ఆముదం. కిలో పెట్రోలు కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కి ఆరున్నర చాలు. నైట్రోమీథేన్‌కి రెండు కిలోలు కూడా అక్కర్లేదు, కాలడానికి కావలసిన ఆక్సిజన్‌లో కొంత అది తనలోనే మోసుకొస్తుంది. అందుకే అదే సిలిండర్లోకి ఎన్నో రెట్లు ఇంధనం పట్టించొచ్చు. ఆ మూడు సీసీలు అంత అరవడానికి కారణం అదే. ఆముదం కాలిన వాసన షెడ్డు నిండా వ్యాపిస్తే మా ఆవిడ బయటికొచ్చి, "ఎవరికి తలంటుతున్నారు?" అంది. క్యాస్ట్రాల్ అనే పేరు క్యాస్టర్ నుంచే, అంటే ఆముదం నుంచే వచ్చిందని ఆ రోజు దాకా నాకూ తెలియదు. ముప్పై ఏళ్లు ఆ డబ్బాలు తెరిచాను.

ఇది ఆటవస్తువు కాబట్టి ఇంధనమూ ఆటేననుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మిథనాల్ విషం, తాగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. పట్టపగలు దాని మంట కంటికి కనబడదు. ఒకసారి ఎండలో ఒలికింది అంటుకుంటే, నా ముంజేతి వెంట్రుకలు కాలిన వాసనను బట్టి మంట ఉందని తెలిసింది. అదృష్టం కొద్దీ నీళ్లతో కలిసిపోతుంది కాబట్టి నీళ్లతో ఆరుతుంది. అప్పటినుంచి ఆ పని షెడ్డు బయట, పక్కన బకెట్టు పెట్టుకునే. డబ్బా రైల్లో ఎక్కించను. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కోరాపుట్ నుంచి రాయగడ దాకా సొరంగాల్లోంచి దూరుతుంది. అందులో ఈ డబ్బా పెట్టుకుని కూర్చునేంత ధైర్యం నాకు లేదు. విశాఖ నుంచి ఎవరి కార్లోనో వచ్చేది.

తరవాతి నెల కుర్రాడు ఇంకో ఇద్దరిని తెచ్చాడు, ఆపైన దమన్‌జోడి నుంచి ఒకరొచ్చారు. నాలుగు జిల్లాల్లో కలిపి పట్టుమని పది ట్రక్కులు ఉండేవేమో, పదీ నా దగ్గరికే వచ్చేవి. డబ్బుగా చూస్తే అది ఒక స్ప్రేయర్ల వారం కాదు. అయినా ఆదివారం సునాబెడ వెళ్లడం అలవాటైంది.

మా దగ్గర ఈ ఇంజన్లకి మొదటి శత్రువు మట్టి. పంచపట్‌మాలి మీద బాక్సైట్ తవ్వుతారు, ఆ చుట్టుపక్కల నేలంతా ఎర్రమట్టి. ఆరిపోయాక పిండిలా లేస్తుంది. చక్రాల కింద లేచిన ఆ పిండిలోనే ట్రక్కు తిరిగి పరిగెడుతుంది. కార్బొరేటర్ మెడకీ ఫిల్టరు రబ్బరుకీ మధ్య సూదిమొనంత సందున్నా చాలు, నాలుగు ట్యాంకుల్లో పిస్టన్ పని అయిపోతుంది. అందుకే పైప్ పెట్టాలి, పెద్ద కార్బొరేటర్ పెట్టాలి అంటూ వచ్చిన ప్రతి కుర్రాడికీ నేను మొదట ఫిల్టరే మార్చేవాణ్ణి. రెండు పొరల స్పాంజి, ఫిల్టరాయిల్లో ముంచి పిండి, మెడ చుట్టూ జిప్ టై బిగించి. మొహాలు మాడ్చుకునేవాళ్లు. బయటికి కనపడని అప్‌గ్రేడుకి డబ్బివ్వడం ఏ వయసువాడికైనా కష్టమే.

రెండోది బేరింగులు. మిథనాల్ గాల్లోని తేమని లాక్కుంటుంది, నైట్రో కాలిన మడ్డి ఆమ్లంలా కొరుకుతుంది. వానాకాలం కోరాపుట్‌లో గోడలే చెమరుస్తాయి. శనివారం ఆడి ట్యాంకులో ఇంధనం వదిలేస్తే వచ్చే శనివారానికి వెనక బేరింగు తుప్పు పట్టి గరగరమంటుంది. ఆట అవ్వగానే ట్యాంకు వంపెయ్యాలి. మిగిలినది కాలిపోయేదాకా నడిపి, ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి, తాడు నాలుగుసార్లు లాగాలి. ఈ అరనిమిషం పని కుదరక ఎన్ని బేరింగులు మార్చానో. కరడుగట్టిన ఆముదాన్ని వదిలించడానికి పాత గిన్నెలో కూలెంట్ పోసి సన్నసెగ మీద భాగాలు ఉడికించేవాణ్ణి. ఆ గిన్నె ఇంట్లోది. ఎలా షెడ్డులోకి వచ్చిందో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు, కొత్త గిన్నె మాత్రం కొనిపించింది.

అప్‌గ్రేడుల్లో నాకు మనసు పట్టింది పైపు ఒక్కటే, ఎందుకంటే అది నాకు తెలిసిన విద్య. ఆర్ఎక్స్ 100 సైలెన్సర్ కోయించి, లోపలి గొట్టం పీకించి "పికప్ పెంచండి అన్నా" అనే కుర్రాళ్లతో నా సగం వయసు గడిచింది. కోస్తే పెరిగేది చప్పుడే. టూ స్ట్రోక్‌కి వాల్వులు లేవు కదా. కొత్త మిక్చర్ లోపలికి వచ్చేటప్పుడు కొంత పోర్టులోంచి బయటికి జారిపోతుంది. పైపులో పొట్ట ఉబ్బి మళ్లీ సన్నబడే చోట తగిలిన ఒత్తిడి అల వెనక్కి మళ్లి, జారిపోతున్నదాన్ని మళ్లీ సిలిండర్లోకి తోస్తుంది. ఆ అల సమయానికి రావాలంటే పైపు పొడవు ఇంజన్ వేగానికి సరిపోవాలి. ఆర్ఎక్స్ 100 తన పూర్తి బలం 7,500 చుట్ల దగ్గర చూపిస్తుంది. ఈ బుడతడు ముప్పై వేల దాకా పోతాడు, సెకనుకి ఐదు వందల చుట్లు. అందుకే దీని పైపు జానెడు. ఇంజన్‌కీ పైపుకీ మధ్యనున్న సిలికాన్ ముక్కని మూడు మిల్లీమీటర్లు కోస్తే పై వేగంలో పదును వచ్చింది, కింది వేగంలో లాగడం తగ్గింది. కొండ ఎక్కించే ట్రక్కుకి అది నష్టం, మైదానంలో పరిగెత్తించేవాడికి లాభం. ఆ మూడు మిల్లీమీటర్ల రబ్బరు ముక్క చేతిలో పెట్టుకుని, గురువుగారు ఉంటే చూపించేవాణ్ణి కదా అనుకున్నాను.

పెద్ద ఇంజన్లు క్షమిస్తాయి. రాజ్‌దూత్ కార్బొరేటర్ స్క్రూ అర చుట్టు అటూ ఇటూ ఉన్నా ఆయన సంసారం సాగుతుంది. ఇక్కడ హై స్పీడ్ నీడిల్ పావు చుట్టులో సగం తేడా వస్తే ఇంజన్ పోయినట్టే. లోపలికి బిగిస్తే ఇంధనం తగ్గి మిక్చర్ లీన్ అవుతుంది, బయటికి తిప్పితే రిచ్. లీన్‌లో స్వరం తీయగా ఉంటుంది, వేగం వస్తుంది, పొగ పలచబడుతుంది. వేడి మాత్రం చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. ఇంధనంతోపాటే ఆయిల్ కూడా తగ్గుతుంది కదా. నా పరీక్ష పాతదే, హెడ్డు మీద నీటిబొట్టు. మూడు నాలుగు సెకన్లలో మరిగి ఎగిరిపోతే నూటపదికి అటూ ఇటూ ఉన్నట్టు, బాగున్నట్టు. పడీపడగానే చిటపటమని మాయమైతే ఆపెయ్యాలి. తరవాత పెద్దాయన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొన్నారు. నా బొట్టుకీ దానికీ పోటీ పెట్టి, "పర్లేదు మేస్త్రీ, నీ నీళ్లు సదువుకున్నాయి" అన్నారు.

ఇంత తెలిసి నేను చేసిన ఘనకార్యం ఇది. దసరా వెళ్లిన వారం, సునాబెడలో మధ్యాహ్నం. వాన వెలిసి ఉక్కగా ఉంది. కుర్రాడి ట్రక్కుకి కొత్త పిస్టన్, స్లీవు వేసి అయిదు ట్యాంకులు రిచ్‌లో నిదానంగా నడిపి అలవాటు చేశాం. ఇక పదును పెట్టాలి. సునాబెడ, కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్లు. వంద మీటర్లకి ఇంచుమించు ఒక శాతం చొప్పున గాలి పలచబడుతుంది. గాలి పలచనైతే అదే నీడిల్ రిచ్ అయిపోతుంది, ఇంజన్ బరువుగా గొణుగుతుంది. పాత లారీలు సుంకి ఘాట్ ఎక్కుతూ నల్లపొగ కక్కడంలో ఉన్నదీ ఇదే కథ. బిగించాను. ఇంకొంచెం బిగించాను. ఆ స్వరం విని పెద్దాయన వరండాలోంచి లేచి వచ్చారు. నీడిల్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టి, "ఇది కదపకు" అని కుర్రాడికి చెప్పాను. వాడు నా మాట వినే పిల్లాడు.

సంక్రాంతికి వాళ్లు రాయగడ వచ్చారు. భోగి తెల్లవారుజామున మంట ఇంకా ఆరకముందే వాడు ట్రక్కు తీసుకుని నాగావళి ఒడ్డుకి పోయాడు. రాయగడ రెండు వందల మీటర్ల ఎత్తు. పైగా జనవరి చలి. చల్లగాలి చిక్కన, పొడిగాలి ఇంకా చిక్కన. కొండ దిగడమూ చలీ రెండూ ఒకే వైపు లాగాయి. నా తెల్లగీత అక్కడ నిప్పుగీత అయింది. రెండు నిమిషాలు ఎన్నడూ లేనంత జోరుగా పరిగెత్తిందట. తరవాత కీచుమని ఒక్క అరుపు. వాడు ట్రక్కుని ఒళ్లో పెట్టుకుని మా ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. కొత్త చొక్కా నిండా ఆముదం మరకలు. "నేను గీత కదపలేదు అంకుల్" అన్నాడు.

అదే కదా తప్పు. కదపవద్దని చెప్పింది నేను.

విప్పి చూస్తే స్లీవు మీద నిలువు గీతలు, కనెక్టింగ్ రాడ్ కింది కన్ను కోలగా సాగిపోయి ఉంది. కొత్త సెట్టు నా డబ్బుతో తెప్పించాను, వచ్చేసరికి నెల పైన పట్టింది. పెద్దాయన ఏమీ అనలేదు. తన పాత మైక్రోమీటరు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అక్కడ మేం కొలిసినపుడు వేడి కూడా రాసీవోలం. కొలత ఒక్కటే రాస్తే అది సగం కొలతే" అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు. ఊరు, నెల, గంట, ఎండో మబ్బో, నీడిల్ మూసిన చోటునుంచి ఎన్ని చుట్లు, హెడ్డు వేడి. సునాబెడ, అక్టోబరు, మధ్యాహ్నం. లక్ష్మీపూర్, డిసెంబరు, పొద్దున్న. జేపూర్, మే, సాయంత్రం. పెయింట్ గీత పెట్టడం మానేశాను. ఇప్పుడు చైన్‌సా పట్టుకుని వచ్చినవాణ్ణి కూడా ఎక్కడ కొడుతున్నావు, పైనా కిందా అని అడుగుతున్నాను. పొట్టంగి కొండ మీద పని చేసేవాడికి ఒక చుట్టు, రాయగడ పొలంలో పని చేసేవాడికి ఒక చుట్టు. ఇదివరకు అందరికీ ఒకటే పెట్టి పంపేవాణ్ణి. వాళ్ల మిషన్లు ఎన్ని నా చేతిలో మెల్లగా చచ్చాయో లెక్క లేదు. పెద్దవి కాబట్టి అప్పటికప్పుడు చెప్పలేదంతే.

ట్రక్కులు ఇప్పుడు తగ్గిపోయాయి. పిల్లలకి బ్యాటరీవి వచ్చాయి, మోటారు తిప్పగానే తిరుగుతుంది, ఆముదం కంపు లేదు, తాడు లాగక్కర్లేదు. నీళ్లలో నడుస్తాయి కూడా. వాటి మీద నాకు కోపం లేదు కానీ వాటిలో వినడానికి ఏమీ లేదు.

కుర్రాడు చదువుకి హైదరాబాద్ వెళ్లాడు. ట్రక్కు వెంట తీసుకెళ్లాడు. కిందటి డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అంకుల్, ఇక్కడ పైకి పోతుంటే తడబడుతోంది" అన్నాడు. ఎత్తు ఎంత అన్నాను. అయిదు వందల పైన అన్నాడు. చలిగా ఉందా అంటే ఉందన్నాడు. ఆఖరిసారి ఎక్కడ, ఎప్పుడు నడిపావంటే సునాబెడలో, వేసవి సెలవుల్లో అన్నాడు. బొట్టు వేశావా అంటే వేశాను, వెంటనే ఎగిరిపోయింది అన్నాడు.

"ఆపెయ్. చల్లారనీ. నీడిల్ బయటికి తిప్పు, పావు చుట్టు. స్టార్ట్ చేసి ఫోన్ దగ్గర పెట్టు."

చెవికి ఫోన్ ఆనించి, రెండో చెవి మూసుకుని కూర్చున్నాను. షెడ్డులో స్ప్రేయరు నడుపుతున్న మా అసిస్టెంటుని సైగ చేసి ఆపించాను. ముందు గొణుగుడు, తరవాత మెల్లగా సర్దుకోవడం, తరవాత ఆ స్వరం.

"ఇంకొంచెం బయటికే" అన్నాను. "తీయగా ఉంది."